విశాఖ కడలిలో యమున కాపలా

మధ్యాహ్నం బెంగళూరులో బయల్దేరిన ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ పొద్దువాలే వేళకు హిందూపురం దాటి, పెనుకొండ కోట నీడన పరుగుతీసి, పుట్టపర్తి ప్రశాంతి నిలయం స్టేషన్‌కు చేరుతుంది. ఆ తర్వాత ధర్మవరం. అక్కడ చీరల మూటలతో ఎక్కే వ్యాపారులుంటారు, వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని విశాఖ బయల్దేరే కుటుంబాలుంటాయి. సీమ పిల్లలకు సముద్రమంటే ఓ పెద్ద ఊరింపు. చిత్రావతిలో ఏడాదికి నాలుగు రోజులు నీళ్లు కనిపిస్తేనే గట్టు మీదకు పరుగెత్తే పిల్లలు మరి!

రైలు గుంటూరు దాటి కృష్ణ మీదకు వచ్చేసరికి బోగీలో సగం మంది నిద్రలో ఉంటారు. ఆ కృష్ణ నీళ్లే ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ ఎక్కి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరు దాకా వస్తున్నాయి కాబట్టి పెద్దవాళ్లెవరైనా లేచి ఓ దణ్నం పెట్టుకుంటారు. రాజమండ్రి వంతెన మీద గోదావరి వచ్చేసరికి మాత్రం అందరూ కిటికీల దగ్గరే. చిల్లర డబ్బులు నీళ్లలోకి ఎగురుతాయి.

ఈ రెండు నదులూ ఒకప్పుడు ఫిరంగులు మోసుకుని సముద్రాల మీద యుద్ధానికి వెళ్లాయి. 'గోదావరి' ఆఫ్రికా పక్కనున్న సీషెల్స్ దీవుల దాకా వెళ్లి జర్మనీ జలాంతర్గామిని వేటాడింది. వాటి అక్కలాంటిది 'యమున'. అది ఈ రైలు చేరబోయే విశాఖపట్నం ముంగిట్లోనే జపాన్ జలాంతర్గామిని మట్టుపెట్టింది. 1944 ఫిబ్రవరి 11న జరిగిందది.

విశాఖ బీచ్ రోడ్డుకు వచ్చిన యాత్రికులు సముద్ర యుద్ధమంటే 1971నే తలుచుకుంటారు. రామకృష్ణా బీచ్‌లోని విజయ స్థూపం చెప్పేది ఆ కథే. పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ ఎదుట మునిగిన సంగతి సినిమాగానూ వచ్చింది. దానికి ఇరవై ఏడేళ్ల ముందే ఇదే నీళ్లలో మరో జలాంతర్గామి మునిగిందంటే విశాఖవాసులే ఆశ్చర్యపోతారు.

తోడు లేని ఓడలు

కథ 1942 నుంచి చెప్పుకోవాలి. ఆ ఏడాది ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది. మార్చిలో రంగూన్. ఏప్రిల్ మొదటివారంలో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడింది. వైస్ అడ్మిరల్ ఒజావా నడిపిన దళంలో 'ర్యూజో' అనే విమానవాహక నౌక ఉంది. ఏప్రిల్ 6న దాని మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి విశాఖ రేవుకు తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. 1933లో తెరిచిన కొత్త రేవు.

ఊరు ఖాళీ అయిపోయింది. బళ్లు కట్టుకుని, రైళ్లెక్కి, కాలినడకన... దారి దొరికిన వాళ్లు దొరికినట్టు పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా మూటాముల్లె సర్దుకుని గుంటూరుకు మారింది. ఆ రోజు పేలకుండా మిగిలిందని చెప్పే జపాన్ బాంబును బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. చిన్నపిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు.

అయితే ఊరి మీద పడిన బాంబుల కన్నా సముద్రంలో జరిగిన నష్టం చాలా పెద్దది. శత్రువు కలకత్తా మీదకు వస్తాడన్న భయంతో అక్కడి రేవులోని వర్తక నౌకల్ని హుగ్లీ నది దాటించి సముద్రంలోకి పంపేశారు. విడివిడిగా, చిన్న చిన్న గుంపులుగా అవి తీరం వెంబడి దక్షిణానికి బయల్దేరాయి. వాటి వెంట కాపలాకు ఒక్క యుద్ధనౌక కూడా లేదు. ఒజావా నౌకలకు అంతకంటే ఏం కావాలి? కొద్దిరోజుల్లోనే ఇరవై దాకా వర్తక నౌకలు అడుగుకు చేరాయి. అదే ఏప్రిల్ 6న బర్మా తీరంలోని అక్యాబ్ దగ్గర రాయల్ ఇండియన్ నేవీకి చెందిన 'ఇండస్', అంటే మన సింధు నది పేరు పెట్టుకున్న యుద్ధనౌక, విమానాల దాడిలో మునిగిపోయింది.

ఓడలు ఒంటరిగా తిరగకూడదు. ఆ వారం నేర్పిన పాఠం అదొక్కటే. పాఠం తెలిసినా కాపలా నౌకలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఉన్నవన్నీ అట్లాంటిక్‌లో, మధ్యధరాలో జర్మనీతో తలపడుతున్నాయి.

నదుల పేర్లతో నౌకలు

అప్పటి మన నౌకాదళం పేరుకే దళం. యుద్ధం మొదలైనప్పుడు చెప్పుకోదగ్గ నౌకలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. బ్రిటన్ నౌకానిర్మాణ కేంద్రాల్లో ఆరు కొత్త నౌకల్ని కట్టించి ఇచ్చారు. వాటిని స్లూప్‌లు అనేవాళ్లు. మహా యుద్ధనౌకల పక్కన నిలబెడితే చిన్నవే. ఒక్కోటి మూడొందల అడుగుల పొడవు, ఆరు నాలుగంగుళాల ఫిరంగులు, గంటకు పంతొమ్మిది నాట్ల వేగం. అంటే దాదాపు 35 కిలోమీటర్లు. సరుకుల ఓడల గుంపుకు ముందూ పక్కలా నడుస్తూ జలాంతర్గాముల నుంచీ, విమానాల నుంచీ కాపాడటమే వాటి ఉద్యోగం.

ఆరింటికీ నదుల పేర్లే పెట్టారు. సట్లెజ్, జమ్నా ముందు వచ్చాయి. తర్వాత నర్బదా, గోదావరి, కిస్ట్నా, కావేరి. 'కిస్ట్నా' అంటే కంగారుపడక్కర్లేదు, తెల్లదొరల నోట్లో మన కృష్ణ అలా పలికింది. కృష్ణా జిల్లాను కూడా పాత రికార్డుల్లో అలాగే రాసేవాళ్లు. 'జమ్నా' మన యమున. స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో పుట్టింది. 1941 మే నెలలో కొలువులో చేరింది. సింగపూర్, జావా పడిపోతున్న రోజుల్లో అక్కడి నీళ్లలో ఓడల గుంపులకు కాపలా కాసింది. 1943 జులైలో ఇటలీలోని సిసిలీ మీద మిత్రరాజ్యాలు దండెత్తినప్పుడు అక్కడా ఉంది. ఆ తర్వాత బంగాళాఖాతానికి వచ్చింది.

యమున ఎంత ఉండేదో కళ్లారా చూడాలంటే ఓ చిన్న ఉపాయం ఉంది. బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా నిలబడి ఉన్న 'కురుసుర' జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. యమున పొడవూ దాదాపు అంతే. కురుసుర మూతి దగ్గర మొదలుపెట్టి తోక దాకా నడిస్తే యమున మీద ఓ చివర నుంచి మరో చివరకు నడిచినట్టే. లోపలికి వెళ్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వంగి వంగి దాటాల్సిన గుండ్రటి తలుపులు, ఒకడి మీద ఒకడు పడుకునే అరల మంచాలు, గోడల నిండా గొట్టాలు... పది నిమిషాలకే బయటపడితే బాగుండనిపిస్తుంది. యమున మట్టుపెట్టిన జపాన్ జలాంతర్గామి ఇందులో మూడింట రెండు వంతులే ఉండేది. నలభై మందికి పైగా అందులోనే వారాల తరబడి తిరిగేవారు.

గోదావరి ముఖద్వారంలో ఘోరం

ఆ జలాంతర్గామి పేరు ఆర్‌ఓ-110. మలయాలోని పెనాంగ్ దాని స్థావరం. అక్కణ్నుంచి బంగాళాఖాతం దాటి ఆంధ్ర తీరానికి వేటకు వచ్చేది.

1943 డిసెంబర్ 14న 'డైసీ మోలర్' అనే బ్రిటిషు సరుకుల ఓడ దాని కంట పడింది. బొంబాయి నుంచి కొలంబో మీదుగా చిట్టగాంగ్‌కు సైన్యం సామాన్లు తీసుకెళ్తున్న పాత ఓడ అది. తోడు ఎవరూ లేరు. గోదావరి సముద్రంలో కలిసేచోటుకూ మచిలీపట్నానికీ ఎదురుగా ఉన్న నీళ్లలో టార్పెడో తగిలింది. ఓడ మునుగుతుంటే జనం ప్రాణాలు అరచేత పట్టుకుని లైఫ్‌బోట్లలోకి దిగారు.

యుద్ధంలో ఓడను ముంచడం ఒక ఎత్తు. తర్వాత జరిగింది వేరు. జలాంతర్గామి నీటి పైకి వచ్చి ఆ లైఫ్‌బోట్లను గుద్దింది. నీళ్లలో పడ్డవాళ్ల మీద మరతుపాకీతో కాల్చారు. యాభై మందికి పైబడి చనిపోయారు. తెప్పలు పట్టుకుని బతికి బయటపడ్డవాళ్లు కొద్దిమందే. ఆ తీరం ఇప్పటి కోనసీమకు కూతవేటు దూరం. అంతర్వేది రథోత్సవానికి వెళ్లి సంగమంలో స్నానం చేసేవాళ్లకు ఎదురుగా కనిపించే సముద్రమే అది.

ఆ ఓడ పక్కన ఒక్క కాపలా నౌక ఉన్నా ఆ జలాంతర్గామి పైకి వచ్చి లైఫ్‌బోట్ల జోలికి వెళ్లే సాహసం చేసేది కాదు. నీటి పైకి వచ్చిన జలాంతర్గామి అంత నిస్సహాయమైన వస్తువు మరొకటి ఉండదు.

ఫిబ్రవరి 11

రెండు నెలలు కూడా గడవలేదు. ఈసారి కొలంబో నుంచి కలకత్తాకు ఓడల గుంపు బయల్దేరింది. కాన్వాయ్ అంటారు కదా, అది. దానికి జేసీ-36 అని పేరు. జేసీ అంటే కొలంబో-కలకత్తా దారిలో నడిచే కాన్వాయ్‌ల గుర్తు, 36 వరస సంఖ్య. సరిగ్గా ఆ రోజుల్లోనే బర్మా సరిహద్దులోని అరకాన్‌లో బ్రిటిషు-ఇండియా సైన్యాలకూ జపాన్‌కూ హోరాహోరీగా యుద్ధం జరుగుతోంది. అక్కడి సైనికుడికి తిండి గింజైనా, తుపాకీ గుండైనా, లారీ పెట్రోలైనా కలకత్తా, చిట్టగాంగ్‌ల మీదుగానే అందాలి. కలకత్తాకు చేరాల్సినవి మన కోస్తా పక్కనుంచే వెళ్లాలి.

ఈ గుంపుకు కాపలా ఉంది. మన యమున ఒకటి. ఆస్ట్రేలియాలో కట్టిన చిన్న నౌకలు ఇప్స్‌విచ్, లాన్‌సెస్టన్ మరో రెండు.

విశాఖకు దక్షిణంగా ముప్ఫై కిలోమీటర్ల అటూఇటూ దూరంలో ఆర్‌ఓ-110 మాటు వేసింది. 'అస్ఫాలియన్' అనే బ్రిటిషు ఓడ మీదకు టార్పెడో వదిలింది. ఆరువేల రెండొందల టన్నుల పైచిలుకు ఓడ అది. టార్పెడో తగిలింది. ఓడ తీవ్రంగా దెబ్బతింది కానీ మునగలేదు.

అప్పుడు మొదలైంది వేట.

నీళ్ల కింద దాక్కున్నదాన్ని పట్టుకోవడమంటే చీకటి గదిలో దోమను పట్టుకోవడం లాంటిది. ఆ రోజుల్లో కాపలా నౌకలకున్న పరికరం ఆస్డిక్. ఇప్పుడు సోనార్ అంటున్నాం. నౌక అడుగు నుంచి 'టింగ్' మంటూ ఓ చప్పుడు నీళ్లలోకి పంపుతుంది. ఎదురుగా ఏదైనా ఉంటే ఆ చప్పుడు తగిలి వెనక్కి వస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న కుర్రాడు తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి ఎంత దూరం, ఏ దిక్కు అని చెప్పాలి. చేపల గుంపు నుంచీ ప్రతిధ్వని వస్తుంది. తిమింగలం నుంచీ వస్తుంది. పై నీళ్లు వెచ్చగా, అడుగు నీళ్లు చల్లగా ఉంటే చప్పుడు దారి మళ్లి మోసం చేస్తుంది. గంటల తరబడి విని విని చెవులు హోరెత్తుతున్నా 'ఇది ఇనుమే' అని తేల్చాల్సింది ఆ కుర్రాడే.

దిక్కు తెలిశాక నౌక దాని మీదకు దూసుకెళ్లి డెప్త్ చార్జీలు వదులుతుంది. అవి చూడ్డానికి కిరోసిన్ డ్రమ్ముల్లా ఉంటాయి. ఒక్కోదాంట్లో నూట ముప్ఫై కిలోల పైగా పేలుడు మందు. ఎంత లోతులో పేలాలో ముందే అమరుస్తారు. ఆ లోతు నీటి ఒత్తిడికి దానంతటదే పేలుతుంది. నేరుగా తగలక్కర్లేదు. దగ్గర్లో పేలినా చాలు, నీళ్ల తాకిడికి జలాంతర్గామి పెంకు బీటలు వారుతుంది. ఇందులో ఓ చిక్కుంది. నౌక సరిగ్గా జలాంతర్గామి నెత్తి మీదకు వచ్చేసరికి ఆస్డిక్‌కు ఏమీ వినపడదు. ఆ కొన్ని క్షణాల్లో లోపలున్నవాడు పక్కకు తప్పుకోవచ్చు. అందుకే ఒక్క నౌకకన్నా రెండు మూడు ఉంటే వేట ఖాయం. ఒకటి దెబ్బ తీస్తుంటే మరోటి దూరం నుంచి వింటూ ఉంటుంది.

ఆ రోజు మూడున్నాయి. మూడూ డెప్త్ చార్జీలు కురిపించాయి. ఆర్‌ఓ-110 మళ్లీ పైకి రాలేదు. అందులోని వాళ్లలో ఒక్కరూ బతకలేదు. డైసీ మోలర్ లైఫ్‌బోట్ల మీద తుపాకీ పేల్చినవాళ్లూ, ఆ తుపాకీ జోలికి వెళ్లని వంటవాడూ, ఇంజను కుర్రాడూ... అందరూ ఆ నీళ్లలోనే ఉండిపోయారు. అస్ఫాలియన్ మాత్రం బాగుపడి, యుద్ధం ముగిశాక కూడా సరుకులు మోసింది.

అదే ఏడాది ఆగస్టులో గోదావరి వంతు వచ్చింది. జర్మనీ జలాంతర్గాములు కూడా హిందూ మహాసముద్రంలో తిరుగుతున్న కాలమది. యు-198 అనే జలాంతర్గామిని బ్రిటిషు విమానవాహక నౌకల విమానాలు సీషెల్స్ దగ్గర పసిగట్టాయి. 'ఫైండ్‌హార్న్' అనే బ్రిటిషు నౌక, మన గోదావరి కలిసి ఆగస్టు 12న దాన్ని ముంచేశాయి. 66 మంది పోయారు. రాజమండ్రి వంతెన మీద నాణెం వేసి మొక్కే గోదావరికి ఇలాంటి చరిత్ర ఒకటుందని బళ్లో ఎవరూ చెప్పరు.

పంపకాల్లో పోయిన గోదావరి

యుద్ధం గెలిచాక ఈ నావికులకు దక్కిందేమిటి? పురుగుల అన్నం, తెల్ల అధికారుల తిట్లు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని 'తల్వార్' శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మెకు దిగారు. కొద్దిరోజుల్లోనే అది నౌక నుంచి నౌకకు, రేవు నుంచి రేవుకు పాకింది. విశాఖలోని నావికులూ చేతులు కలిపారు. యుద్ధకాలంలో ఇక్కడ వెలిసిన నౌకాదళ స్థావరానికి ఉత్తర సర్కారుల పేరు మీద 'సర్కార్స్' అని పెట్టారు. ఆ పేరు నేటికీ కొనసాగుతోంది.

మరుసటేడు దేశం ముక్కలైంది. ఇళ్లూ పొలాలూ పంచుకున్నట్టే నౌకల్నీ పంచుకున్నారు. ఆరు నదుల్లో నాలుగు మనకు, రెండు పాకిస్తాన్‌కు. చిత్రమేమిటంటే పంజాబు నది సట్లెజ్ మన వాటాకు వచ్చింది. అటు పోయినవి నర్మద, గోదావరి! నాసిక్ దగ్గర పుట్టి అంతర్వేదిలో కలిసే నది పేరున్న నౌక కరాచీ చేరింది. కొత్త యజమానులు దానికి 'సింధ్' అని పేరు మార్చారు. పంచినవాళ్లు పేర్లు చూడలేదు, టన్నులు చూశారు.

కృష్ణ, కావేరి, యమున ఇక్కడే ఉన్నాయి. కావేరి 1961లో గోవా విముక్తి పోరులో పాల్గొంది. కృష్ణ చాలాకాలం నౌకాదళ కుర్రాళ్లకు పాఠాలు నేర్పే శిక్షణ నౌకగా బతికి 1981లో విశ్రాంతి తీసుకుంది. యమున ఫిరంగులు దించేసి, సముద్రం లోతులు కొలిచే సర్వే నౌకగా మారింది. జలాంతర్గాములను వెతికిన నౌక చివరికి సముద్రపు అడుగును పటాలకెక్కించే పనిలో పడింది. 1980లో దాని కొలువు ముగిసింది. గోదావరి పేరు మాత్రం 1983లో మళ్లీ మన దళంలోకి వచ్చింది. ఈసారి మన దేశంలోనే కట్టిన ఫ్రిగేట్‌కు ఆ పేరు పెట్టారు. అదీ 2015 డిసెంబర్‌లో సెలవు తీసుకుంది.

విశాఖ వెళ్లినవాళ్లు ఈ కథ జరిగిన చోటు చూడాలంటే రామకృష్ణా బీచ్ సరిపోదు. అక్కణ్నుంచి దక్షిణానికి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డమొస్తుంది. కొండ వెనక్కి, యారాడ వెళ్లాలి. ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే కొబ్బరి చెట్ల మధ్య పల్లె, ఆ కింద పసుపుపచ్చని ఇసుక. అలలు గట్టిగా ఉంటాయి, ఈతకు దిగకపోవడమే మంచిది. ఇసుకలో కూర్చుని ఆగ్నేయంగా చూస్తే ఎదురుగా ఉన్న సముద్రమే 1944లో మూడు నౌకలు వేటాడిన మైదానం. పొద్దున్నే వేట ముగించుకున్న మరబోట్లు అటువైపు నుంచే రేవుకు వెళ్తుంటాయి.

సాయంత్రం దాకా ఉంటే మరోటి కనిపిస్తుంది. విశాఖ, గంగవరం రేవుల్లోకి వెళ్లేందుకు వంతు కోసం లంగరేసిన సరుకుల ఓడలు దూరంగా నిలబడి ఉంటాయి. యుద్ధకాలంలో అయితే అగ్గిపుల్ల వెలిగించినా నేరమే. ఓడలన్నీ చీకట్లో, గుడ్డిగా, పక్క ఓడ నురగను చూసుకుంటూ సాగేవి. ఇప్పుడు చీకటి పడగానే ఒక్కో ఓడ మీదా దీపాలు వెలుగుతాయి. ధర్మవరం నుంచి వచ్చిన పిల్లలు వాటిని లెక్కపెట్టడం మొదలుపెడతారు. పది దాటాక ఏదో ఒకటి రెండుసార్లు లెక్కేశావని తగువు వస్తుంది. మళ్లీ ఒకటి నుంచి.